పాత ల్యాప్‌టాప్‌తో పోస్ట్‌గ్రెస్‌కి సాయం: బిల్డ్‌ఫార్మ్ రివ్యూ

అందరికీ నమస్కారం. పోయిన నెలంతా నా పాత ల్యాప్‌టాప్ పోస్ట్‌గ్రెస్ బిల్డ్‌ఫార్మ్‌లో పనిచేసింది. ఎలా ఉందో ఈ వీడియోలో చెబుతాను.

ముందు అసలు ఇదేంటో చూద్దాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోడ్‌లో ఎవరైనా ఒక మార్పు చేస్తే అది లైనక్స్, విండోస్, మ్యాక్, నెట్‌బిఎస్‌డి లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నిటిలో బిల్డ్ అవ్వాలి, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా తయారవ్వాలి. కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ కొత్తదైనా, పదేళ్ల కిందటిదైనా టెస్టులు పాసవ్వాలి. ఇన్ని రకాల మెషీన్లు ఒక్కరి దగ్గర ఎక్కడుంటాయి? అందుకే 2004లో ఆండ్రూ డన్‌స్టన్ ఈ బిల్డ్‌ఫార్మ్ మొదలుపెట్టారు, అంటే నాలాంటి వాళ్లు తమ మెషీన్లతో సాయం చేసే నెట్‌వర్క్. ఎవరి మెషీన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. అందులో ఒక పెర్ల్ స్క్రిప్ట్ నడుస్తుంది. కోడ్ మార్పులు దాచే గిట్ నుంచి కొత్త కోడ్ తెచ్చుకుని, కన్ఫిగర్ (మెషీన్‌లో కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడం), కంపైల్ చేసి, టెస్టులన్నీ నడిపి, కాయో పండో సర్వర్‌కి చెప్పేస్తుంది. కొత్త మార్పులేవీ లేకపోతే ఏమీ చేయకుండా ఆగిపోతుంది.

నాకు బాగా నచ్చింది పేర్ల పద్ధతి. మీ మెషీన్ వివరాలు పంపి అప్లై చేస్తే, ఒప్పుకున్నాక ఒక జంతువు పేరూ, ఒక రహస్య కీ ఇస్తారు. స్కింక్ అనే మెషీన్ ఉంది, అంటే మన నలికండ్ల పాము. అది వాల్‌గ్రైండ్ అనే టూల్ కింద టెస్టులు నడిపి మెమరీ తప్పులు పట్టుకుంటుంది. చాలా నెమ్మది, కానీ వేరే మెషీన్లకి దొరకనివి దానికి దొరుకుతాయి. ల్యాప్‌వింగ్, అంటే తీతువు పిట్ట, 32 బిట్ డెబియన్ 7 అనే పాత లైనక్స్ మీద నడిచింది. ఇక్కడ స్పీడ్ కంటే అరుదైన మెషీన్‌కే విలువెక్కువ. అందరి దగ్గరా ఉండే కంప్యూటర్‌లో పాసైన కోడ్ బైట్ల వరస తిరగబడి ఉండే ప్రాసెసర్ మీద ఫెయిలవ్వచ్చు. అది తెలిసేది అలాంటి మెషీన్ ఎవరో ఒకరు నడిపితేనే.

ఇంకో గొప్ప విషయం, ఏదీ దాచరు. స్టేటస్ పేజీలో ప్రతి మెషీన్, ప్రతి బ్రాంచ్ (కోడ్‌లో ఒక్కో వెర్షన్) కనిపిస్తాయి. ఫెయిలైతే ఏ దశలో ఆగిందో చూపిస్తుంది, నొక్కితే మొత్తం లాగ్ వస్తుంది. కోడ్‌లో మార్పు చేర్చినవాళ్లు ఆ పేజీ చూసుకుంటూ ఉంటారు, తేడా కనిపిస్తే సరిచేస్తారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆ పేజీ ఫోన్‌లో చదవడం కష్టం. సెటప్ అంతా కాన్ఫిగ్ ఫైల్‌లో చేత్తో రాసుకోవాలి. నాకు మొదటిసారి కన్ఫిగర్ దగ్గరే ఆగిపోయింది, బిల్డ్‌కి కావలసిన రీడ్‌లైన్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ నా మెషీన్‌లో లేదు. అది చిన్న విషయమే. మూడో వారంలో జరిగింది మాత్రం నన్ను బాధపెట్టింది. డిస్క్ నిండిపోయి నా మెషీన్ వరసగా ఫెయిల్ రిజల్ట్స్ పంపింది. కోడ్‌లో తప్పేమీ లేదు. అయినా ఎవరో ఒకరు ఆ లాగ్ తెరిచి, టైమ్ పెట్టి చదివి ఉంటారు కదా. ఇప్పుడు డిస్క్‌లో చోటు తగ్గితే రన్ మొదలవ్వకుండా ఒక చిన్న చెక్ పెట్టాను. మీరూ పెట్టండి.

అప్లై చేసేముందు ఓ వారం టెస్ట్ ఆప్షన్‌తో నడపండి, అప్పుడు రిజల్ట్ బయటికి పంపదు. వరసగా పాసైతేనే అప్లై చేయండి. మీ ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై లాంటి పాత బుల్లి కంప్యూటర్ గానీ, 32 బిట్ కంప్యూటర్ గానీ మూలన పడి ఉంటే మోడల్ పేరు కామెంట్‌లో రాయండి. కాన్ఫిగ్ ఫైల్ ఎలా ఉండాలో ఒక్కొక్కరికీ జవాబిస్తాను.