కోల్డ్ రూమ్‌లో ఎనిమిది చోట్ల టెంపరేచర్ చూపే కేబుల్: కొనొచ్చా?

నమస్తే అండి. మన వైజాగ్‌లో కోల్డ్ స్టోరేజీ నడిపేవాళ్లు, ముఖ్యంగా ఫిషింగ్ హార్బర్ సరుకు పెట్టేవాళ్లు, ఇది కాస్త చూడండి. గది బయట డిస్‌ప్లే మైనస్ 18 అంటుంది, మనం నిశ్చింతగా ఉంటాం, కానీ అది ఒక్క సెన్సర్ ఉన్న చోటి లెక్క, తలుపు దగ్గర పైవరసలో ఉన్న రొయ్యల పెట్టెల సంగతి దానికేం తెలుసు?

ఇదిగో, ఒకే కేబుల్ మీద ఎనిమిది సెన్సర్లు, అన్నీ డీఎస్18బీ20 అనే టెంపరేచర్ చిప్పులే. ఉన్నవి మూడే వైర్లు: పవర్, గ్రౌండ్, డేటా. అన్నీ ఒకే డేటా వైరు మీదున్నా కలగాపులగం అవ్వదు, ప్రతి చిప్పుకీ ఫ్యాక్టరీలోనే 64 బిట్ల నంబరు వేసేస్తారు. కంట్రోలర్, అంటే రీడింగ్‌లు తీసుకునే చిన్న బోర్డు, అన్నిటికీ ఒకేసారి కొలవమని చెబితే 12 బిట్ల సెట్టింగ్‌లో, అంటే అన్నిటికన్నా సన్నగా కొలిచే సెట్టింగ్‌లో, ముప్పావు సెకనులో పని అయిపోతుంది, ఆ తర్వాత ఒక్కోదాన్నీ నంబరుతో పిలిచి అడగడమే.

కాకపోతే ఆ నంబర్లు కేబుల్ వరసలో రావు. ఇలా ఒక్కో సెన్సర్‌ని గుప్పిట్లో పట్టుకోండి, ఏ రీడింగ్ పెరిగితే దాని నంబరు రాసి స్టిక్కర్ అంటించండి. ఇంత డబ్బు తీసుకుని ఆ స్టిక్కరేదో వాళ్లే వెయ్యొచ్చుగా!

ఇక అసలు సంగతి. ప్యాకెట్ మీద అర డిగ్రీ తేడా అని రాశారు. చిప్పు తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, అదే డేటాషీట్, ప్రకారం ఆ మాట మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్యే చెల్లుతుంది. మైనస్ 18 దగ్గర ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు, అంటే స్క్రీన్ మీద మైనస్ 18.5 కనబడినా లోపల నిజంగా మైనస్ 17.5 అయ్యుండొచ్చు, అందుకని అలారం సరిగ్గా మైనస్ 18 మీద పెట్టకండి, ముందే మోగేలా పెట్టండి. సెన్సర్లు సరిగ్గా చెబుతున్నాయా అని చూడ్డానికి ఐసు బాగా నలగ్గొట్టి, కొంచెం నీళ్లు పోసి, ఫ్లాస్కులో అన్నీ ముంచాను చూడండి. సున్నా చుట్టూనే ఉన్నాయి, మూడోది మాత్రం 0.4. పర్లేదు, పాస్.

ఉన్నట్టుండి 85 వస్తే గది కాలిపోతోందని టెన్షన్ పడకండి, పవర్ వచ్చాక ఇంకా కొలవకముందు ఆ చిప్పు చూపే అంకే అది. కంట్రోలర్‌గా ఆర్డ్యునో అనే బోర్డు వాడితే, అందులో మైనస్ 127 వస్తే మాత్రం సెన్సర్ అందట్లేదని, ముందు జాయింట్ చూడండి. మన ఉప్పుగాలికి మొదట పోయేవి అవే, దీనికేమో పైపైన స్లీవ్ తొడిగి వదిలేశారు, నాకైతే నచ్చలేదు. బిగించేటప్పుడు మధ్యలో కొమ్మలు తీయకుండా కేబుల్‌ని ఒకే బారుగా గోడ వెంట తిప్పండి, కొమ్మలు ఎక్కువైతే సిగ్నల్ చెడిపోయి రీడింగ్‌లు ఎగిరిపోతుంటాయి.