సైకిల్‌కి చవక చెయినే మేలు

శ్రోతలకు నమస్కారం.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీదుగా అమరావతి వైపు సైకిల్ తొక్కుకుంటూ వెళ్తున్నాను. వెంకటపాలెం దగ్గర ఉన్నట్టుండి పెడల్ మీది కాలు గాల్లోకి జారిపోయినట్టయింది. దిగి చూస్తే చెయిన్ తెగి, పాములా రోడ్డు మీద పడి ఉంది. అది వెనక పళ్ల చక్రాలు పది ఉన్న గేర్ల సైకిల్. చెయిన్ కూడా ఖరీదైనదే.

కాస్త ముందుకెళ్తే వేపచెట్టు కింద ఒక సైకిల్ షాపు కనిపించింది. మేస్త్రీ పెద్దాయన. సుత్తి, మేకు పట్టుకుని కూర్చుని, తన డబ్బాలోంచి మామూలు సైకిల్ చెయిన్ ముక్క ఒకటి తీసి నా చెయిన్ పక్కన పెట్టాడు. "పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం సరిపోయింది మాస్టారూ, వెడల్పే కలవట్లేదు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పిన్నుల మధ్య దూరం అర అంగుళం. ఐదు వేల సైకిలుకైనా లక్ష రూపాయల సైకిలుకైనా అదే కొలత. వెనక గేర్లు పెరిగేకొద్దీ అన్నిటినీ అంతే చోటులో ఇరికించాలి కనక చెయిన్ సన్నబడుతూ పోతుంది. ఎనిమిది గేర్ల చెయిన్ ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పుంటే, పది గేర్లది ఆరు దగ్గర ఉంటుంది. ఆ మిల్లీమీటరు తేడాకి ఊళ్లలో విడిభాగం దొరకదు. పాత పిన్నునే మళ్లీ కొట్టి చూశాడు పాపం, నాలుగు తొక్కులకే ఊడింది. డబ్బులు తీసుకోనన్నాడు. ఉండవల్లి సెంటర్ దాకా సైకిల్‌ని నడిపించుకొచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో వేసుకుని ఇల్లు చేరాను.

మర్నాడు విజయవాడ వన్‌టౌన్‌లో నేను ఎప్పుడూ వెళ్లే షాపులో చూపించాను. షాపాయన మాట్లాడకుండా పన్నెండంగుళాల చెక్క స్కేలు తీశాడు, బడిపిల్లలు వాడేదే. తెగిన చెయిన్‌ని మేకుకి వేలాడదీసి బిగువుగా లాగాడు. సున్నా గీతని ఒక పిన్ను నడిమధ్య పెట్టాడు. చెయిన్ కొత్తదైతే పన్నెండో అంగుళం గీత, ఆ సున్నా పిన్నుని వదిలి లెక్కపెడితే, సరిగ్గా ఇరవై నాలుగో పిన్ను నడిమధ్య పడాలి. నా చెయిన్‌లో ఆ పిన్ను గీత దాటి మూడు మిల్లీమీటర్లకు పైనే అవతలికి పోయింది. ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి పిన్నూ తన బొక్కలో కొంచెం కొంచెం అరిగి, ఆ అరుగుదలంతా కలిసి అంత పొడవైందన్నమాట.

ఈ కొలత గుర్తుపెట్టుకోండి. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే అంగుళంలో పదహారో వంతు వచ్చిందంటే చెయిన్ మార్చేయాలి. మూడు మిల్లీమీటర్లు వచ్చిందంటే చెయిన్ ఒక్కటే మారిస్తే చాలదు. సాగిన చెయిన్ వెనక పళ్లని కూడా తనకి తగ్గట్టు కొరికేసి ఉంటుంది. కొత్త చెయిన్ వేస్తే ఆ పళ్ల మీద నిలవదు, జారుతుంది. నాకు అదే జరిగింది. పది చక్రాల సెట్టు మొత్తం మార్చాలన్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ చెయిన్ మార్చాలని అంతకు ఆరు నెలల ముందే ఆయన నాకు చెప్పాడు. నేనే వాయిదా వేశాను. అంత డబ్బు పోసి కొన్నది, ఇంకొన్నాళ్లు వస్తుందిలే అనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. చవకది అయ్యుంటే ఆ రోజే మార్పించి ఉండేవాణ్ణి. చవక వస్తువులో ఉన్న పెద్ద సుఖం ఇదేనని నాకు అప్పుడు తెలిసింది: దాన్ని వేళకి మారుస్తాం. ఖరీదైన చెయిన్ అయితే అరగదా అంటే, అదీ అరుగుతుంది. ఇసుక లారీలు తిరిగే రోడ్డు మీద దుమ్ము లేచి, చెయిన్ మీది నూనెలో కలిసి, సాన పట్టే ముద్దలా తయారవుతుంది. ఆ దుమ్ముకి మన బిల్లు ఎంతో తెలియదు.

ధర పెరిగితే మనకి ఏం దక్కుతుందో కూడా చెప్పాలి. జపాన్‌లో 1921లో మొదలైన షిమానో కంపెనీ గేర్లలో మెట్లు ఉన్నాయి. కింద టూర్నీ, తర్వాత ఆల్టస్, అసేరా, ఇంకా పైకి డియోర్, అన్నిటికంటే పైన ఎక్స్‌టీఆర్. మెట్టెక్కేకొద్దీ బరువు తగ్గుతుంది, గేరు మార్పు మెత్తబడుతుంది. పందేలకి వెళ్లేవారికి అది అవసరమే, కాదనను. కానీ పై మెట్టులో బరువు తగ్గించడానికి కొన్ని పళ్ల చక్రాలని అల్యూమినియంతో, టైటానియంతో చేస్తారు. ఉక్కు పళ్ల కంటే అల్యూమినియం పళ్లు తొందరగా అరుగుతాయి. అంటే ఎక్కువ డబ్బు పెట్టి, తక్కువ కాలం ఉండేది కొంటున్నాం. పటమట నుంచి గవర్నర్‌పేటకి రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషికి ఓ రెండొందల గ్రాములు తగ్గితే ఏం ఒరుగుతుంది? క్యారేజీలో పెరుగన్నం డబ్బా బరువు అంతకంటే ఎక్కువ.

మా నాన్నగారి సైకిల్‌కి గేర్లే లేవు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. ఏడాదికొకసారి ఓవరాయిలింగ్ చేయించేవారు. నేను పక్కన పీట వేసుకుని చూసేవాణ్ణి. మేస్త్రీ ఇరుసు విప్పి, బేరింగు గోళీలని కిరసనాయిలు గిన్నెలో వేసి కడిగి, కప్పు నిండా గ్రీజు పూసి, ఒక్కొక్క గోళీనీ చిటికెన వేలితో అందులోకి నొక్కేవాడు. వెనక చక్రంలో ఒక్కో పక్క తొమ్మిది. గోళీ పగిలితే అదొక్కటే మార్చేవాడు. తర్వాత గోళీలని పట్టి ఉంచే కోన్ బిగించి, చక్రం తిప్పి వదిలి, చివర్లో అది వాల్వు బరువుకి కిందికి ఊగి ఆగిందా లేదా అని చూసేవాడు. అలా ఆగితేనే పని బాగా కుదిరినట్టు. ఇవాళ కొన్న సైకిళ్లలో కొన్నిటికి బేరింగు పాడైతే బేరింగు మొత్తం తీసి కొత్తది దిగ్గొట్టాలి. దానికి వేరే పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు అన్ని షాపుల్లో ఉండదు.

బ్రేకుల సంగతి మాత్రం వేరు. దయచేసి అక్కడ పైసలు చూసుకోవద్దు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకే కావాలని నేను అనడం లేదు. తీగతో పనిచేసే మామూలు వీ-బ్రేకు చాలు. తీగ తెగితే ఏ షాపులోనైనా పావుగంటలో వేస్తారు. కానీ బ్రేకు రబ్బరు మంచిది వేయించండి, గట్టిపడి మెరుస్తుంటే ఆలోచించకుండా మార్చండి. స్టీలు రిమ్ము వానకి తడిస్తే బ్రేకు పట్టదు. అల్యూమినియం రిమ్ము తడిలో చాలా నయం. వానాకాలంలో బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు పక్కన నిలబడినప్పుడు ఆ తేడా విలువ తెలుస్తుంది. టైరు కూడా అంతే. గేర్ల మీద మిగిల్చిన డబ్బు టైర్ల మీద పెట్టండి. పగుళ్లిచ్చిన టైరుతో ఎండాకాలం గడపడం ప్రమాదం.

ఆ దెబ్బ తర్వాత నేను వెనక ఏడు చక్రాలున్న ఫ్రీవీల్‌కి మారాను. ఆరు, ఏడు, ఎనిమిది గేర్లకి దాదాపు ఒకే చెయిన్ సరిపోతుంది కాబట్టి మన వన్‌టౌన్‌లో అడిగిన వెంటనే తీసిస్తారు. ఇంట్లో ఆ చెక్క స్కేలు ఒకటి సైకిల్ పక్కనే మేకుకి తగిలించాను. నెలకోసారి కొలుస్తాను. రెండున్నరేళ్లలో నాలుగో చెయిన్ నడుస్తోంది. ఫ్రీవీల్ మాత్రం మొదట వేయించిందే.

నమస్కారం.