బిల్లులో పడని ఖర్చు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఎకనామిక్స్ పీజీ చదివే పిల్లలున్నారు, నర్సింగ్ విద్యార్థులున్నారు. ముందు వరుసలో ఆశా కార్యకర్తలు కూర్చున్నారు. మీలో చాలామంది త్వరలో ఇంటింటి సర్వేకి వెళ్తున్నారు కాబట్టి వైద్యం ఖర్చు లెక్క ఎలా కట్టాలి అన్న ఒక్క విషయమే మాట్లాడతాను. ఉదాహరణకి డయాలసిస్‌ని తీసుకుంటాను. శ్రీకాకుళం జిల్లాలో నిలబడి ఇంకో జబ్బు పేరెత్తడం నాకు మనసొప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, అంటే మన ఉద్దానంలో, ఎందరినో పీడిస్తున్న కిడ్నీ జబ్బు సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

"వైద్యానికి ఎంత ఖర్చయింది?" అని ఒకావిణ్ణి అడిగాను. భర్తకి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. "ఏటీ అవ్వలేదమ్మా, అంతా కార్డు మీదే అయిపోతంది" అంది. అబద్ధం కాదు. ఆసుపత్రిలో ఆమె దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఫారంలో సున్నా వేసుకుని లేచిపోవచ్చు.

లేవకుండా ఒక్కొక్కటీ అడిగాను. ఎలా వెళ్తారు? ఊళ్ళోంచి జంక్షన్ దాకా ఆటో, అక్కణ్ణించి బస్సు. తిరిగొచ్చేటప్పుడు ఆయనకి కళ్ళు తిరుగుతాయి కాబట్టి మొత్తం ఆటోయే. తోడెవరు వెళ్తారు? కొడుకు. ఆ రోజు అతను పనికి వెళ్తాడా? ఎలా వెళ్తాడు, మిషన్ మీద నాలుగు గంటలు, వెళ్ళి రావడంతో పొద్దు వాలిపోతుంది. రక్తం తగ్గిందని వేసే ఇంజెక్షన్ అక్కడే ఇస్తారా? ఉంటే ఇస్తారు, లేకపోతే బయట కొనుక్కోవాలి. కిడ్నీ జబ్బు అని తేలకముందు ఎక్కడెక్కడ చూపించారు? అప్పుడు ఆవిడ చాప మీద సర్దుకుని కూర్చుంది. బరంపురం, ఆ తర్వాత విశాఖపట్నం, స్కానింగులు, టెస్టులు, డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాల్ని కలిపే ఫిస్టులా ఆపరేషన్. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, అసలు అలాగే ఉంది. "అది కూడా రాస్తారేటి?" అని అడిగింది.

రాయాలి. మనం చదువుకున్న భాషలో ఆసుపత్రి బిల్లు ప్రత్యక్ష వైద్య ఖర్చు. ఆటో, బస్సు, తిండి ప్రత్యక్షమే గానీ వైద్యేతర ఖర్చు. కొడుకు పోగొట్టుకున్న కూలి పరోక్ష ఖర్చు. పరీక్షలో ఈ మూడూ రాసి మార్కులు తెచ్చుకుంటాం, ఫీల్డుకి వెళ్ళాక మొదటిదాంతో ఆగిపోతాం. ఎందుకంటే దానికి రసీదు ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఇది సర్వే అంకె కాదు, చేతివేళ్ళ లెక్క. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 సార్లు. ఇద్దరి ప్రయాణం, తిండి కలిపి రోజుకి 300 అనుకోండి, తోడు వెళ్ళినవాడి కూలి నష్టం 500 అనుకోండి. 156 సార్లకి 1,24,800 రూపాయలు. డయాలసిస్ ఉచితంగా జరిగే ఇంట్లో! ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకి ఇచ్చే పింఛను నెలకి 10,000, అంటే ఏడాదికి 1,20,000. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ పింఛను చాలా మంచి ఏర్పాటు, బిల్లు బయట కూడా ఖర్చుంటుందని ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. కానీ మనం అనుకున్న లెక్కలో అది ప్రయాణానికీ తోడు మనిషి కూలికీ సరిపోయింది. జీడి ఫ్యాక్టరీలోనో కొబ్బరి తోటలోనో రోగి స్వయంగా సంపాదించుకునే డబ్బు పోయింది కదా, దాన్ని మనం ఇంకా ముట్టుకోనే లేదు.

ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న వస్తుంది. ఉచితంగా ఇస్తే జనం అవసరం లేకపోయినా వాడేస్తారు కదా, కొంత చేతినుంచి పెట్టుకుంటే జాగ్రత్తగా ఉంటారు కదా అని. దీని మీద అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1974 నుంచి 1982 దాకా పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని కుటుంబాలకి వైద్యం పూర్తిగా ఉచితం, కొన్నిటికి ఖర్చులో వాటా. చేతినుంచి పెట్టుకోవాల్సినవాళ్ళు వైద్యం తక్కువ వాడిన మాట నిజమే. అయితే అనవసరమైనదే తగ్గించుకోలేదు, అవసరమైనదీ తగ్గించుకున్నారు. బీపీ ఉన్న పేదల విషయంలో ఉచితంగా వైద్యం అందినవాళ్ళకే బీపీ మెరుగ్గా అదుపులో ఉంది. ఏది అవసరమో ఏది కాదో రోగికి ముందే తెలిస్తే డాక్టరెందుకు? ఇక డయాలసిస్ అంటారా, ఉచితం కదా అని చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చించుకుని నాలుగు గంటలు పడుకునే మనిషిని నేను చూడలేదు.

ఇప్పుడు ప్రభుత్వం వైపు నుంచి చూద్దాం, అటు కూడా న్యాయం ఉంది. ఖజానాలో ఉన్నది ఇంతే. ఒక డయాలసిస్ మిషన్ కొంటే ఆ డబ్బుతో కొనగలిగిన ఇంకోటి ఆగిపోతుంది. అందుకే ఆరోగ్య ఆర్థికవేత్తలు ఒక కొలమానం పెట్టుకున్నారు. పూర్తి ఆరోగ్యంతో బతికిన ఒక సంవత్సరాన్ని ఒకటి అనుకుంటారు, జబ్బుతో ఈడ్చుకుంటూ బతికితే ఒకటి కంటే తక్కువ వేస్తారు. ఒక చికిత్స వల్ల అలాంటి సంవత్సరం ఒకటి అదనంగా రావడానికి ఎంత ఖర్చవుతుందో చూస్తారు. ఏ చికిత్సకి ప్రభుత్వం డబ్బు పెట్టొచ్చో తేల్చడానికి బ్రిటన్‌లో 1999లో మొదలైన నైస్ సంస్థ, అలాంటి ఒక్కో సంవత్సరానికి చాలా ఏళ్ళపాటు 20 వేల నుంచి 30 వేల పౌండ్ల మధ్య గీత గీసి నిర్ణయాలు తీసుకుంది. మన దేశంలో ఈ పనికి 2017లో ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఒక వ్యవస్థ ఏర్పడింది.

ఈ కొలమానం దగ్గర డయాలసిస్ దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది. ఖర్చు ఎక్కువ, జీవితాంతం చేయాలి, దానితో వచ్చే ఏళ్ళు పూర్తి ఆరోగ్యపు ఏళ్ళు కావు. థాయిలాండ్ ఏం చేసిందో చెబుతాను, మన ఉద్దానం గురించి ఆలోచించే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

ఆ దేశం 2002లో అందరికీ వైద్యం పథకం పెట్టింది. వాళ్ళ డబ్బుల్లో 30 బాత్‌లు కడితే చాలు, దాదాపు ఏ చికిత్సయినా. కానీ డయాలసిస్‌ని ఆ పథకంలో చేర్చలేదు, ఖజానా మోయలేదన్నారు. కిడ్నీలు పోయిన కుటుంబాలు పొలాలు, ఇళ్ళు అమ్ముకున్నాయి. పరిశోధకులు లెక్కలు కట్టారు. ఆసుపత్రిలో మిషన్ మీద చేసే డయాలసిస్ అయినా, ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పెరిటోనియల్ డయాలసిస్ అయినా ఆ దేశం గీసుకున్న గీత దాటిపోయాయి. లెక్క ప్రకారం రెండూ వద్దు. అయినా 2008లో ప్రభుత్వం డయాలసిస్‌ని పథకంలో చేర్చింది, ముందు ఇంట్లో చేసుకునే పద్ధతే అన్న షరతుతో. మిషన్లు, నర్సులు పట్నాల్లోనే ఉన్నారు, పల్లెటూరి రోగి వారానికి మూడుసార్లు ఎక్కడికని వస్తాడు? ఇంట్లో అయితే ద్రవం సంచులు గుమ్మంలోకి వస్తాయి. దానికీ ఇబ్బందులున్నాయి. రోజుకి నాలుగైదుసార్లు చేతులు శుభ్రంగా కడుక్కుని, దుమ్ములేని చోట కూర్చుని చేసుకోవాలి. పొరపాటు జరిగితే పొట్టలో ఇన్ఫెక్షన్. 2022లో ఆ షరతు తీసేసి, ఏ పద్ధతో రోగీ డాక్టరూ కలిసి ఎంచుకోవచ్చన్నారు.

నాకు ఈ కథలో బాగా నచ్చింది లెక్కని పక్కన పెట్టడం కాదు. లెక్క కట్టబట్టే ఎంత బరువు నెత్తికెత్తుకుంటున్నారో వాళ్ళకి ముందే తెలిసింది, ఏ దారిలో వెళ్తే పల్లెల దాకా అందుతుందో తెలిసింది. చేర్చాలా వద్దా అన్నది మాత్రం కుటుంబాలు చితికిపోవడం చూసి తీసుకున్న నిర్ణయం. మన దగ్గర జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలైంది, ఇంట్లో చేసుకునే పద్ధతికీ తర్వాత చోటిచ్చారు. కానీ వాడుతున్నవాళ్ళు చాలా తక్కువ. కిడ్నీ ఆసుపత్రి ఉన్న పలాసకి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఎవరెవరున్నారు, ఎవరింట్లో శుభ్రమైన గది ఉంది, కుళాయి ఉంది, ఎవరికి ఈ పద్ధతి కుదురుతుంది అన్న లెక్క ఊరూరా కట్టాలి. ఆ పని మీరు చేయగలరు.

ఇంకో మాట. 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లోనే మొదలైంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన పథకం అది, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ దాని చూపు ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక చేసే చికిత్స మీద. నెలనెలా కొనే మాత్రలు, ఓపీ ఖర్చులు చాలావరకు ఇంటి మీదే పడ్డాయి. ఉద్దానం జబ్బుకి మూలకారణం ఇంకా తేలలేదు కాబట్టి మాత్రలిస్తే సరిపోతుందని నేను అనను. షుగర్, బీపీ వల్ల కిడ్నీలు పాడయ్యేవాళ్ళ సంగతి వేరు. మాత్రలు నెలనెలా సరిగ్గా అంది వాళ్ళలో ఒక్కరికి డయాలసిస్ ఒక్క ఏడాది ఆలస్యమైనా పైన వేసిన 156 సార్లూ తప్పుతాయి.

మన జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబునుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. సంతోషించాల్సిన మార్పే. అయితే ఈ లెక్కలో తోడు వెళ్ళిన కొడుకు కూలి లేదు. అంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటుంది. డబ్బుల్లేక చికిత్స మానేసినవాడి ఖర్చు సున్నా. అప్పుచేసి వైద్యం చేయించుకున్న ఇల్లు మన పట్టికలో 'విపరీత ఖర్చు' కింద చేరుతుంది, మానేసిన ఇల్లు ఏ ఇబ్బందీ లేని ఇళ్ళ వరసలో చేరుతుంది. ఎక్కువమంది మానేస్తే పట్టిక మరింత అందంగా కనిపిస్తుంది. ఇంత అన్యాయమైన సున్నా ఇంకోటి లేదు.

అందుకని మీరు పట్టుకెళ్ళే ఫారంలో కొన్ని మార్పులు అడుగుతున్నాను. మొత్తం ఎంతయింది అని ముందే అడగొద్దు, ఒక్కో పద్దూ విడివిడిగా అడగండి. తోడు వచ్చిన మనిషి పేరుతో ఒక వరస పెట్టండి, వాళ్ళ కూలి రాయండి. అప్పుంటే వడ్డీ ఎంతో, ఏం తాకట్టు పెట్టారో రాయండి. డాక్టరు వారానికి మూడుసార్లు రమ్మంటే రెండుసార్లే వెళ్తున్నారా అని అడగండి, మూడోసారి ఎందుకు వెళ్ళలేదో వాళ్ళ మాటల్లోనే రాయండి. ఆశా అక్కలకి ఊళ్ళో ఎవరు మానేశారో తెలుసు. వాళ్ళని వెంటబెట్టుకుని ఆ ఇళ్ళకి కూడా వెళ్ళండి, రోగి చనిపోయి ఉంటే ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి. ఖర్చు గడిలో సున్నా వేయాల్సి వస్తే పక్కన కారణం రాయకుండా మాత్రం ఫారం మూయొద్దు.

ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆశా కార్యకర్తలతో మొదలుపెడదాం.