మధ్యాహ్న భోజనం తర్వాత నీలి గోలి

శ్రోతలకు నమస్కారం.

తెలంగాణలో ప్రజారోగ్యం ఎంత ముందుకు వచ్చిందని అడిగితే ఎవరైనా ముందు కాన్పుల సంగతే ఎత్తుకుంటారు. ఎత్తుకోవలసిందే. 2014–16 మధ్య లక్ష కాన్పులకు 81 మంది తల్లులు ప్రాణాలు పోగొట్టుకునేవారు. 2018–20 నాటికి ఆ లెక్క 43కు దిగింది. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. మన పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రుల ముందు జనాన్ని చూసినవారికి ఈ అంకె వింతగా ఉండదు. ఆ కాన్పుల్లో సగానికి పైగా ఆపరేషన్లే కావడం వేరే కథ, ఇవాళ దాని జోలికి పోను.

ఇవాళ చెప్పుకునేది అదే సర్వేలో కదలకుండా కూర్చున్న ఒక అంకె గురించి. రక్తహీనత. ఇళ్ళల్లో "పిల్లకు రక్తం తక్కువుంది" అంటామే, అదే. 2015–16లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. నాలుగేళ్ళు గడిచాక చూస్తే 58 మందికి. ఐదేళ్ళ లోపు పిల్లల్లో 61 నుంచి 70కి పెరిగింది. అదే కాలంలో, అదే రాష్ట్రంలో, అదే ఆశా కార్యకర్తలు, అదే ఏఎన్ఎం నర్సమ్మలు పనిచేస్తుండగా!

ఎందుకిలా అంటే, నాకు తోచే కారణం ఒకటుంది. కాన్పు ఒక రోజు పని. ఆ రోజు బండి పంపాలి, ఆసుపత్రికి చేర్చాలి, డాక్టరుండాలి. ప్రభుత్వం గట్టిగా అనుకుంటే ఒక రోజు పని చేయించగలదు. రక్తం పెంచడం ఒక రోజుతో తీరదు. ఏడాదికి 52 వారాలు, వారానికో గోలి, ప్రతి బడిలో, ప్రతి తరగతిలో, ప్రతి పిల్ల గొంతు దిగాలి. దాన్ని దింపేది డాక్టరు కాదు, బడి పంతులు. కాబట్టి ఈ ప్రసంగం ఎక్కువగా బడి గురించే. ఇంకా చెప్పాలంటే బడిలో ఒక పావుగంట గురించి.

ముందు ఆ గోలి ఏమిటో చూద్దాం. సర్కారు బడుల్లో పంచే ఐరన్ గోలీలు రెండు రంగుల్లో ఉంటాయి. ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు గులాబీ రంగుది; అందులో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. పది నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళకు నీలి రంగుది; అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. వారానికి ఒకటే. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ. ఒక గోలి ఖరీదు రూపాయి కూడా కాదు.

వారానికి ఒక్క గోలితో ఏమవుతుందని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. మంచి ప్రశ్న. జమా ఖర్చు వేసి చూద్దాం. మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలసరిలో ఒక అమ్మాయికి 40 మిల్లీలీటర్ల రక్తం పోయిందనుకుంటే, 20 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. ఇక జమ చూద్దాం. నీలి గోలిలో ఉన్న 60లో పదో వంతు ఒంటికి పట్టిందనుకుందాం, వారానికి 6 మిల్లీగ్రాములు. నాలుగు వారాలకు 24. పోయింది 20, వచ్చింది 24. లెక్క సరిపోయింది, పైన నాలుగు మిగిలాయి. అదే నాలుగు వారాల్లో రెండు గోలీలు మానేస్తే వచ్చేది 12. ఎనిమిది అప్పు. ఆ ఎనిమిదీ రోజూ తినే అన్నంలోంచి రావాలి. పైగా పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో పిల్ల ఎదుగుతూ ఉంటుంది, దానికీ ఇనుము కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఎదిగిన మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడమనిషికి 29. పళ్ళెంలో మాత్రం చాలా ఇళ్ళల్లో తిరగబడి పడుతుంది.

అంటే వారం గోలి రక్తం తగ్గకుండా కాపు కాస్తుంది. ఇప్పటికే తగ్గిపోయిన పిల్లకు అది చాలదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఆ పావుగంట. మధ్యాహ్న భోజనం అయింది. పిల్లలు పళ్ళాలు కడుక్కున్నారు. టీచరు స్ట్రిప్పులు పట్టుకుని తరగతికి వచ్చారు. మూడే మాటలు గుర్తు పెట్టుకోండి: తిన్నాక, నీళ్ళతో, కళ్ళెదుట. మళ్ళీ చెబుతాను. తిన్నాక, నీళ్ళతో, కళ్ళెదుట.

తిన్నాక అని ఎందుకంటే, పరగడుపున ఐరన్ కడుపులో తిప్పుతుంది. కొన్నిచోట్ల పొద్దున ప్రార్థన కాగానే గోలీలు పంచేస్తారు, పని అయిపోతుందని. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఒకతి వాంతి చేసుకుంటుంది. పక్కన కూర్చున్న అమ్మాయి అది చూసి కళ్ళు తిరుగుతున్నాయంటుంది. పది నిమిషాల్లో తరగతి సగం పడుకుంటుంది. సాయంత్రానికి ఊళ్ళో "గోలీలు మింగి పిల్లలు పడిపోయారు" అన్న మాట పాకుతుంది. ఆ తర్వాత ఏడాది పాటు ఆ బడిలో ఒక్కరు నోరు తెరవరు. గోలిలో లోపం లేదు, గంట తప్పింది. భోజనమయ్యాక అరగంట లోపు ఇస్తే ఈ గొడవ చాలా మటుకు ఉండదు. ఇచ్చాక ఎవరికైనా వికారం పెడితే ఆ పిల్లను వేరే గదిలో గాలి తగిలేచోట పడుకోబెట్టండి, నీళ్ళివ్వండి, ఏఎన్ఎంకు ఫోన్ చేయండి. మిగతావాళ్ళ మధ్యే ఉంచి చుట్టూ గుమిగూడవద్దు. మొదటి రెండు మూడు వారాలు కాస్త వికారం ఉంటుంది, తర్వాత ఒళ్ళు అలవాటు పడుతుందని ముందే చెప్పండి. ముందు చెబితే సలహా, తర్వాత చెబితే సాకు.

నీళ్ళతో అంటే గ్లాసు నిండా మంచినీళ్ళతో. పాలతో వద్దు, చాయ్‌తో అసలే వద్దు. ఈ గోలిని నమలకూడదు కూడా, నమిలితే నోరంతా తుప్పు రుచి. ఇక్కడ చాలా బడుల్లో ఒక తికమక జరుగుతుంది. ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి నులిపురుగుల గోలి ఇస్తారు, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు. దాన్ని బాగా నమిలి మింగాలి. ఐరన్‌ది నమలకుండా మింగాలి. రెండింటినీ పిల్లలు కలిపేసుకుంటారు, ఒక్కోసారి పెద్దలు కూడా. నులిపురుగుల్లో ఒక రకమైన కొంకి పురుగులు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి కాబట్టి ఆ గోలి కూడా రక్తహీనత మందే. చెప్పులు లేకుండా తడి మట్టిలో తిరిగితే ఆ పురుగు పాదంలోంచే లోపలికి వస్తుంది.

ఇక మూడోది, కళ్ళెదుట. అసలు కీలకం ఇదే. "ఇంటికెళ్ళి అన్నం తిని వేసుకుంటా టీచర్" అన్న గోలి బ్యాగులోనే ఉండిపోతుంది, లేదంటే బడి గోడ వెనక దొరుకుతుంది. రిజిస్టరులో మాత్రం టిక్కు పడుతుంది. పైన జిల్లా లెక్కలో ఆ టిక్కులే కలుస్తాయి. పంచిన గోలీలకూ మింగిన గోలీలకూ మధ్య తేడాను ఏ రిజిస్టరూ చూపదు. అందుకే టీచరు ముందు తాను మింగి చూపించాలి, ఆ తర్వాత వరసగా ఒక్కొక్కరి చేత మింగించాలి. టీచరు మింగడం నాటకమని కొందరంటారు. కానే కాదు. ఆడ టీచర్లలోనూ సగం మందికి రక్తం తక్కువే ఉండొచ్చు.

మర్నాడు మలం నల్లగా వస్తుంది. ఇది చెప్పకపోతే ఇంట్లో అమ్మ, నాయనమ్మ కంగారు పడి మాన్పించేస్తారు. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోతోందంతే, దానివల్ల ఏ హానీ లేదు. గోలి మొదలు పెట్టే వారంలోనే తల్లుల మీటింగులో ఈ ఒక్క ముక్క చెబితే సగం గొడవ తీరుతుంది.

ఎవరికి ఇవ్వకూడదు? జ్వరం, విరేచనాలు, న్యుమోనియా ఉన్నప్పుడు ఆ వారం ఆపాలి. తలసీమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకు అసలు ఇవ్వకూడదు, వాళ్ళ ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువ పేరుకుని ఉంటుంది. సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉందని తెలిసినవాళ్ళు, ముఖ్యంగా ఆదిలాబాద్, భద్రాద్రి వైపు గిరిజన గూడేల పిల్లలు, డాక్టరును అడిగాకే.

ఇందాక వాయిదా వేసిన సంగతి. రక్తం ఎంత ఉంటే చాలు? 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. 8 కన్నా తగ్గితే తీవ్రం, ఆసుపత్రికి వెళ్ళాలి. మధ్యలో ఉంటే సాధారణంగా రోజూ రెండు నీలి గోలీలు మూడు నెలలు రాస్తారు, నెల తర్వాత మళ్ళీ రక్తం చూస్తారు. ఒక గ్రామైనా పెరగకపోతే వేరే కారణం వెతకాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు దగ్గర్లోని బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే నమూనా తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు వెళుతుంది, పైసా అక్కర్లేదు. వేలికి సూది గుచ్చి చూసే పరీక్షలో ఒక చిక్కుంది. రక్తం రావట్లేదని వేలిని పిండితే కండలోని నీరు కలిసి, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మొదటి బొట్టు తుడిచేసి, పిండకుండా తర్వాతి బొట్టు తీసుకోవాలి. నేను మొదట్లో చదివిన సర్వే అంకెలు కూడా వేలి రక్తంతో తీసినవే. 2016–18లో దేశమంతా నరం నుంచి రక్తం తీసి చేసిన పిల్లల పోషకాహార సర్వేలో కౌమారంలో ఉన్నవారిలో రక్తహీనత నూటికి 28గానే తేలింది. వయసులు వేరు కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పోల్చలేం, కానీ పరీక్ష మారితే అంకె కూడా మారుతుందని గుర్తుంచుకోండి. అయినా 28 కూడా చిన్న అంకె కాదు. నలభై మంది ఉన్న తరగతిలో పదకొండు మంది అన్నమాట.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను. సజ్జల్లో ఇనుము బియ్యం కన్నా చాలా ఎక్కువ, వంద గ్రాముల్లో ఆరు మిల్లీగ్రాముల పైమాటే. కానీ గింజల్లోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. మొలకెత్తిస్తే, పులియబెడితే వదులుతాయి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండితే ఇంకా బాగా పడుతుంది. తినేవాళ్ళకు మేక కలీజను మించింది లేదు. ఇక చాయ్. మన ఊళ్ళో చాయ్ మానమని చెబితే రేడియో ఆపేస్తారు, కాబట్టి మానమనను. అన్నంతో పాటు తాగిన చాయ్, తిండిలోని ఇనుము పట్టడాన్ని సగానికి పైగా తగ్గించగలదు. కాబట్టి భోజనానికి ఒక గంట ముందో, ఒక గంట తర్వాతో తాగండి. ఇరానీ చాయ్ అయినా అంతే.

చివరిగా వేసవి సెలవులు. బడి మూతపడితే గోలీ ఆగుతుంది. సెలవులు ఏడు వారాలైతే ఏడు గోలీలు లెక్కపెట్టి తల్లి చేతికే ఇవ్వండి, పిల్ల బ్యాగులో వేయవద్దు. ఏ వారం మింగాలో క్యాలెండరు మీద గుర్తు పెట్టి ఇస్తే మరీ మంచిది. ఇంటికి వచ్చాక వాటిని ఎత్తు మీద, చంటిపిల్లలకు అందనిచోట పెట్టాలి. చక్కెర పూత ఉన్న రంగు గోలీలు కదా, రెండు మూడేళ్ళ తమ్ముడో చెల్లెలో పిప్పరమెంటు అనుకుని గుప్పెడు మింగితే ప్రాణానికే ముప్పు. అలా మింగిన బిడ్డ వాంతులు చేసుకుని, కొన్ని గంటల తర్వాత తేరుకున్నట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఇంట్లో ఉంచుకోవద్దు. ఆ ఖాళీ స్ట్రిప్పు చేతిలో పట్టుకుని, బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎన్ని గోలీలు పోయాయో స్ట్రిప్పు చూసే డాక్టరు మందు లెక్క కడతారు.

నమస్కారం.