సీసాలో మూడొందల ఈగలు

శ్రోతలకు నమస్కారం. ఇవాళ తేనెటీగను పట్టి పీడించే ఒక నల్లి సంగతి చెప్పుకుందాం. దాని పేరు వరోవా. ఎర్రమట్టి రంగు, చిన్న ఆవగింజంత ఒళ్లు. కానీ ఈగ సైజుకి చూస్తే, మన వీపుకు చేటంత జలగ అతుక్కున్నట్టే.

ఇది మొదట్నుంచీ మన ఆసియా పుట్టతేనెటీగ మీద బతికిందే. పుట్ట ఈగలు ఒంటిమీది నల్లిని దులిపి, కొరికి పారేస్తాయి. వ్యాపారానికి పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగకు ఆ నేర్పు చాలా తక్కువ. పట్టులో ఈగపిల్ల ఉన్న అర మీద మైనం మూత పడబోయే ముందు నల్లి లోపలికి దూరుతుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. దాంతోపాటే వైరస్ చేరుతుంది. పుట్టిన ఈగకు రెక్కలు ముడుచుకుపోయి ఉంటాయి. అలాంటి ఈగ పెట్టె ముందు మట్టిలో పాకుతుంటే చూడబుద్ధి కాదండీ.

ఆమధ్య పొద్దుతిరుగుడు చేను గట్టున ఒక పెంపకందారు పక్కన కూర్చుని, ఆయన నల్లుల్ని లెక్కపెట్టే తీరు చూశాను. ముందు పెట్టెలోంచి, పిల్ల ఉన్న పట్టు చట్రం ఒకటి తీశారు. రాణి దాని మీద లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు. రాణి సీసాలో పడితే పెట్టెకే చేటు. ఈగల్ని పళ్లెంలోకి దులిపి, అరకప్పు ముంచి సీసాలో పోశారు. అరకప్పంటే సుమారు 300 ఈగలు. మూతకు బదులు సన్నటి ఇనుప జాలీ. పైనుంచి మిక్సీలో పట్టిన పంచదార పొడి రెండు చెంచాలు. పొడి పొడిగానే ఉండాలి, చెమ్మ తగిలితే పని జరగదు.

సీసాను మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడన ఉంచారు. పొడి అంటుకునేసరికి నల్లి కాళ్లు పట్టు తప్పుతాయి. తెల్ల పళ్లెం మీద సీసా బోర్లించి ఊపితే తెల్లటి పొడి రాలింది. దాని మీద కాసిని నీళ్లు చల్లారు. పంచదార కరిగిపోయి, ఎర్రటి చుక్కలు మిగిలాయి. ఒకటి, రెండు, మూడు... పన్నెండు. అంటే నూటికి నాలుగు. నూటికి మూడు దాటితే మందు వెయ్యాల్సిందే. మరి పిల్ల ఉన్న పెట్టెలో ఎక్కువ నల్లులు మూతల కిందే దాక్కుని ఉంటాయి కదా, ఈ పన్నెండు పైకి కనబడ్డవి మాత్రమే. పిండి పూసుకున్నట్టున్న ఈగల్ని తిరిగి పెట్టెలో వదిలితే, తోటి ఈగలు చుట్టూ చేరి నాకి శుభ్రం చేశాయి. ఒక్క ఈగా చావలేదు!

నేను చెప్పేది అదే. ముందు లెక్క, తర్వాతే మందు. నల్లికి వాడే మందుల్లో ఆక్సాలిక్ ఆమ్లం మూత కింది నల్లిని అందుకోలేదు, ఫార్మిక్ ఆమ్లం ఆవిరి అందుకుంటుంది. కానీ మన ఎండల్లో ఆ ఆవిరి ఎక్కువైతే పిల్లకూ రాణికీ ముప్పు, పీలిస్తే మనకూ ముప్పే. అందుకే కొలత, వేళ తెలిసినవాళ్లను అడిగే వాడండి. తేనె నిండే రోజుల్లో మాత్రం పెట్టెలో మందు పెట్టకండి.

మందు అయ్యాక మళ్లీ అదే సీసా, అదే పంచదార, అదే లెక్క. ఆ పెంపకందారు ప్రతి పెట్టె మూత మీదా సుద్దముక్కతో తేదీ వేసి, పక్కన అంకె రాస్తారు. ఆరోజు ఆ పెట్టె మీద 12 అని రాసి, పక్క పెట్టె మూత తీశారు.