చీటీ మీద ఎవరి పేరు?

వ్యాఖ్యాత: నమస్కారం. మన దగ్గర సర్వే అనగానే గొలుసు పట్టుకొని పొలం గట్టు మీద నిలబడ్డ మనిషి గుర్తొస్తాడు. మ్యూజియంలు చేసే సర్వే కూడా దానికి పెద్ద దూరమేమీ కాదు. ఒక ప్రాంతంలో ఇప్పుడు పనిచేస్తున్న కళాకారులను ఊరూరా తిరిగి చూసి, కొందరిని ఎంచి, ఒకే కప్పు కింద చూపిస్తారు. హద్దు రాయి ఎక్కడ పాతాలన్న దగ్గర అక్కడా గొడవే, ఇక్కడా గొడవే. హైదరాబాద్‌లో అలాంటి ప్రదర్శన పెడితే ఎలా ఉండాలన్నది ఈ రోజు చర్చ. స్టూడియోలో నలుగురు ఉన్నారు. కళాచరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు, ప్రదర్శనలు కూర్చే క్యురేటర్, రాతి శిల్పి ఒకరు, చెర్యాల నుంచి వచ్చిన నకాషీ చిత్రకారులు, అంటే పొడవాటి గుడ్డ పటాల మీద కథలను బొమ్మలుగా వేసేవారు ఒకరు. నకాషీ గారి ఒళ్లో ఒక గుడ్డ చుట్ట ఉంది. దాని సంగతి తర్వాత అడుగుతాను. ముందు క్యురేటర్ గారు.

క్యురేటర్: ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం వాళ్లు 2014లో తమ దేశపు కళ ఇప్పుడెలా ఉందో చూడాలనుకున్నారు. న్యూయార్క్ గ్యాలరీలకు ఫోను చేసి జాబితా తెప్పించుకోలేదు. లక్ష మైళ్లు తిరిగి, దాదాపు 1,000 మంది స్టూడియోలకు వెళ్లారు. చివరికి 102 మందిని ఎంచుకున్నారు.

మాస్టారు: ఆ 102 సంగతి సరే. నాకు ఆసక్తి మిగిలిన తొమ్మిది వందల మంది మీద. వాళ్ల పని గోడకెక్కలేదు. అయినా ఒక మ్యూజియం మనిషి వాళ్ల గడప దాకా వచ్చాడు, కూర్చున్నాడు, వెనక్కి తిప్పి పెట్టిన కాన్వాసులు కూడా చూశాడు. మన దగ్గర నలభై ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నవాళ్ల ఇంటికి అలా వచ్చిన మనిషి ఒక్కడు లేడు. ప్రదర్శన ప్రారంభోత్సవాలకు మాత్రం శాలువాలు వస్తాయి.

వ్యాఖ్యాత: ఇక్కడ ఎవరు రావాలి మాస్టారూ? ఏ మ్యూజియం?

మాస్టారు: అసలు చిక్కు అదే. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఢిల్లీలో 1954లో వచ్చింది, ముంబయిలో 1996లో, బెంగళూరులో 2009లో. హైదరాబాద్‌కు రాలేదు. సాలార్‌జంగ్ ఉంది, అది ఒక కుటుంబం ప్రపంచమంతా తిరిగి కొన్న వస్తువుల ఇల్లు. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియం ఉంది, అక్కడ జనం ఈజిప్టు మమ్మీని చూసి బయటికొస్తారు. మాదాపూర్ వైపు స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, హాళ్లు బాగుంటాయి. కానీ గ్యాలరీకీ మ్యూజియానికీ తేడా ఉంది. గ్యాలరీ గోడను కొన్నాళ్లు అప్పిస్తుంది. మ్యూజియం కొంటుంది, దాస్తుంది, యాభై ఏళ్ల తర్వాత అడిగినా తీసి చూపిస్తుంది.

శిల్పి: దాస్తుంది అన్నారు చూడండి సార్, అక్కడ నాకు భయం. నా రాళ్లు ఒక్కొక్కటి నాలుగు క్వింటాళ్లు. ఎక్కడ దాస్తారు?

మాస్టారు: నువ్వు చదువుకునే రోజుల్లోనే చెప్పాను కదమ్మా, మట్టితో చెయ్యమని.

(నవ్వులు.)

వ్యాఖ్యాత: హద్దు రాయి దగ్గరకు వద్దాం. ఈ ప్రాంతపు కళాకారుడు అంటే ఎవరు? పుట్టినవాడా, పనిచేస్తున్నవాడా?

మాస్టారు: శిల్పి రవీందర్ రెడ్డిని తీసుకోండి. బంగారు పూత పూసిన పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు, కొప్పు నిండా పూలు, రెప్ప వేయని కళ్లు. పుట్టింది సూర్యాపేటలో. చదివింది బరోడా ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో. ఏళ్ల తరబడి పాఠం చెప్పింది విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో. 2014 తర్వాత ఆ తలలు ఏ రాష్ట్రానివి? ఇక చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్. పుట్టింది పండరిపురంలో, పేరు తెచ్చుకుంది బొంబాయిలో. కానీ సోషలిస్టు నాయకుడు లోహియా మాట మీద, ఇక్కడి కళాపోషకుడు బద్రీ విశాల్ పిత్తీ అండతో రామాయణ చిత్రాలు వేసింది హైదరాబాద్‌లో కూర్చుని. తర్వాత సినిమాఘర్ అనే ఆర్ట్ గ్యాలరీ కట్టిందీ ఇక్కడే. పుట్టుక లెక్క వేస్తే ఆయన పరాయివాడు.

క్యురేటర్: అందుకే సర్వే ప్రదర్శనలు ‘పనిచేస్తున్న’ అనే మాటను పట్టుకుంటాయి. లాస్ ఏంజెలెస్‌లో హామర్ మ్యూజియం 2012 నుంచి రెండేళ్లకోసారి ‘మేడ్ ఇన్ ఎల్.ఎ.’ అనే సర్వే ప్రదర్శన పెడుతోంది. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావని కాదు, ఇప్పుడు ఈ ఊళ్లో పని చేస్తున్నావా అన్నదే ప్రశ్న. మనం అదే పద్ధతి పెట్టుకుంటే సెంట్రల్ యూనివర్సిటీలో చదవడానికి కేరళ నుంచో బెంగాల్ నుంచో వచ్చి ఇక్కడే ఉండిపోయిన పిల్లలందరూ లోపలికి వస్తారు.

శిల్పి: వస్తారు. కానీ వచ్చాక వాళ్లను ఏమని అడుగుతారు? నన్ను అడిగినట్టే అడుగుతారు. రెండేళ్ల క్రితం ఒక ఎంపిక బృందం నా షెడ్డుకు వచ్చింది. నేను చేసేది ఏమిటంటే, ఊరి చుట్టూ లేఅవుట్ల కోసం పేల్చేస్తున్న గుట్టల రాయి తెచ్చి, ఆ డ్రిల్లు గాట్లు అలాగే ఉంచి, లోపల ఒక వైపు మాత్రం నున్నగా చేస్తాను. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. వాళ్లు చుట్టూ తిరిగి చూసి ‘బాగుంది, కానీ ఇందులో తెలంగాణ ఏది?’ అన్నారు. కాళ్ల కింద ఉన్నదంతా అదే కదా అన్నాను. రాసుకున్నట్టు లేరు. ఎంపిక చేసినవాటిలో ఎనిమిది చిత్రాల్లో పెద్ద బొట్టు, పసుపు ముఖం, ముక్కుపుడక.

వ్యాఖ్యాత: చిత్రకారుడు తోట వైకుంఠం గారి ప్రభావం.

శిల్పి: ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ బొట్టును హోటల్ గోడకూ చీర కొంగుకూ ఎక్కించినవాళ్ల మీద ఉంది.

మాస్టారు: ఆయన విషయంలో ఒక మాట చెప్పాలి. బూరుగుపల్లి కుర్రవాడు హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నాడు. ఊరిని వదిలి వెళ్లినవాడికి ఊరి ఆడవాళ్ల రూపు, ఆ ముదురు రంగులు కొత్తగా కనిపించాయి. ఇంకో చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌ది నిజాంపూర్, ఆయనా బరోడా వెళ్లాడు, అక్కడ ఎచింగ్ పట్టుకున్నాడు, అంటే లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే పద్ధతి. మేకలు, చెట్లు, తాటివనాల మనుషులు, వాళ్ల కోరికలు, అన్నీ సూదిమొన గీతల్లో. ఆయన కొన్నాళ్లు మన ఊళ్లోనే దూరదర్శన్‌లో గ్రాఫిక్స్ పని కూడా చేశాడు, మనం ఇప్పుడు కూర్చున్నలాంటి స్టూడియోలో. చెప్పొచ్చేదేమిటంటే, వాళ్లిద్దరూ ప్రాంతాన్ని వెతుక్కుని తెచ్చుకున్నారు. ఇప్పుడు ఎంపిక బృందాలు దాన్ని దరఖాస్తులో గడిలా నింపమంటున్నాయి.

వ్యాఖ్యాత: నకాషీ గారూ, మీరు ఇంతసేపూ వింటూనే ఉన్నారు.

నకాషీ: బరోడా వెళ్లనివాణ్ణి కదండీ, వినాలి.

(నవ్వులు.)

వ్యాఖ్యాత: ఇలాంటి సర్వేలో మిమ్మల్ని పిలుస్తారా?

నకాషీ: పిలుస్తారు. ప్రదర్శన జరిగే హాల్లోకి కాదు, బయట వరండాలోకి. ఒక బల్ల, దాని మీద ఎర్ర గుడ్డ. ‘పిల్లలకు నేర్పండి’ అంటారు. మాస్కులు, కీచైన్లు పెట్టుకుని అమ్ముకోమంటారు. అమ్ముతాను, ఇల్లు గడవాలి. కానీ లోపల ఏసీలో ఉన్నది సమకాలీనం, వరండాలో ఉన్నది సంప్రదాయం అని ఎవరు చెప్పారో నాకు తెలియదు. లోపలి ఆయనకు నలభై ఏళ్లు, నాకు యాభై ఎనిమిది. ఇద్దరం ఇవాళే బతికి ఉన్నాం కదా.

క్యురేటర్: అది మా తప్పే. అయితే ఒక ఇబ్బంది కూడా ఉంది. చెర్యాల పటానికి ఒక వ్యాకరణం ఉంది. ఎర్రటి నేల, పక్కకు తిరిగిన ముఖాలు, పూల పట్టీతో వరసలు. ఒక వ్యక్తి దాన్ని ఎంతవరకు మార్చాడన్నది...

నకాషీ: కర్ణాటక కచేరీలో పాడేవాళ్లను ఆ మాట అడుగుతారా? రాగం ఎందుకు మార్చలేదని?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

వ్యాఖ్యాత: పటం ఎలా తయారవుతుందో చూసేవాళ్లకు చెప్పండి.

నకాషీ: ఖద్దరు గుడ్డ తీసుకుంటాం. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మ బంక నీళ్లు కలిపి పూస్తాం. ఒక పూత ఆరాక ఇంకో పూత. గుడ్డ చుట్టినప్పుడు పగలకూడదు, అదే పనితనం. దాని మీద కుంచెతో నేరుగా గీత, పెన్సిలు ఉండదు. వెడల్పు మూడడుగులు, పొడవు కథను బట్టి. పాతకాలంలో నలభై, యాభై అడుగులు ఉండేవి. అది గోడకు పెట్టే బొమ్మ కాదు. కథకులు ఊళ్లోకి వచ్చి, రాత్రి దీపం దగ్గర పై నుంచి కిందికి విప్పుతూ పాడతారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడజెట్టివాళ్లు గౌడ పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం. పటం వేసేది మేము, పాడేది వాళ్లు, తమ పుట్టుక కథ వినేది ఆ కులం. పటం పాతబడి చిరిగితే పూజ చేసి నదిలో వదిలేసేవారు.

మాస్టారు: అందువల్లే పాతవి దొరకడం అరుదు. జగదీశ్ మిత్తల్ గారు పట్టుబట్టి సేకరించి ఉండకపోతే 17వ శతాబ్దపు పటం ఎలా ఉండేదో మనకు తెలిసేది కాదు. ఆయనా, భార్య కమల గారూ కలిసి సేకరించినవన్నీ 1976లో మ్యూజియంగా మార్చారు, ఈ ఊళ్లోనే.

శిల్పి: మరి మ్యూజియం దాస్తుంది, మీవాళ్లు నదిలో వదులుతారు. ఎవరిది సరి?

నకాషీ: రెండూ సరే తల్లీ. వదిలితే కొత్తది వేయించుకోవాలి, మాకు పని. దాస్తే మనవడు చూస్తాడు. నాకు బాధ కలిగేది మూడోది, వరండా.

వ్యాఖ్యాత: ఒళ్లో ఉన్నది ఇప్పుడు విప్పుతారా?

నకాషీ: ఇది 2020లో వేశాను. అప్పుడు మా ఇంటి ముందు రోడ్డు మీద ఉత్తరాది కూలీలు నడిచి వెళ్లారు కదా. (విప్పుతున్నారు.) పైన వినాయకుడు, అది మా పద్ధతి. కింద వరసలో రైలు పట్టాలు, సూట్‌కేసు మీద నిద్రపోతున్న పిల్లవాడు, మూతికి గుడ్డ కట్టుకున్న పోలీసు. నేల ఎరుపే, ఇంగిలీకం రంగు.

శిల్పి: ఆ సూట్‌కేసుకు పూల పట్టీ వేశారు మీరు.

నకాషీ: అంచు లేకుండా మాకు చేయి ఆడదు.

క్యురేటర్: ఇది ఎక్కడైనా చూపించారా?

నకాషీ: ఒకచోట పెట్టారు. కింద చీటీ మీద ‘చెర్యాల చిత్రకళ, తెలంగాణ’ అని ఉంది. పక్క గోడ మీద బొమ్మకు వేసినాయన పేరు, పుట్టిన సంవత్సరం, చదివిన కాలేజీ అన్నీ ఉన్నాయి. అడిగితే, ‘మీది సామూహిక కళ కదా’ అన్నారు. సమూహం వచ్చి వేయలేదు, నేనే వేశాను అన్నాను.

వ్యాఖ్యాత: ఆ సంస్థ పేరు మనకు వద్దు. ఆ చీటీ రాయడానికి అయిదు నిమిషాలు పట్టి ఉండదని మాత్రం నా అభిప్రాయం, వ్యాఖ్యాత అభిప్రాయం చెప్పకూడదంటారు గానీ. ఇక చోటు సంగతి. మాదాపూరా, పబ్లిక్ గార్డెన్సా?

శిల్పి: సాలార్‌జంగ్. అక్కడ ప్రతి గంటకూ ఏమవుతుందో చూశారు కదా. గడియారంలో నుంచి గడ్డపు బొమ్మ వచ్చి గంట కొడుతుందని పది నిమిషాల ముందే జనం వచ్చి కూర్చుంటారు. పాతబస్తీ కుటుంబాలు, పల్లెల నుంచి వచ్చిన బడి పిల్లలు, చంటిబిడ్డల తల్లులు. పది నిమిషాలు కదలకుండా ఒకే వైపు చూసే జనం ఏ గ్యాలరీకి దొరుకుతారు? ఆ వసారాలో నా రాయి పెట్టండి. గంట కొట్టేదాకా దాని మీదే కూర్చోనివ్వండి.

క్యురేటర్: కూర్చోనిస్తే మ్యూజియం నియమాలు...

శిల్పి: 250 కోట్ల ఏళ్ల రాయి. ఏమీ కాదు.

మాస్టారు: హుసేన్ చెప్పుకున్న సంగతి ఒకటి ఉంది. ఆ రామాయణ చిత్రాలను హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు ఎద్దుబండ్ల మీద తీసుకెళ్లి పరిచారట. ఆ ఊరివాళ్లు ఒక్కరూ ఇదేమిటని ప్రశ్నించలేదట. నకాషీ గారి పటాలు వందల ఏళ్లుగా చేస్తున్న పనే అది.

వ్యాఖ్యాత: జనాన్నే ఎంచమంటే? ఓటింగు?

క్యురేటర్: హామర్ వాళ్లు 2012లో అదే చేశారు, లక్ష డాలర్ల బహుమతికి ప్రేక్షకుల ఓటు. తర్వాతి సారికి పెద్ద బహుమతిని నిపుణుల చేతికి ఇచ్చి, ప్రేక్షకులకు చిన్నదొకటి విడిగా పెట్టారు.

వ్యాఖ్యాత: మన దగ్గర ఓటంటే ముందు కులం లెక్క తేలాలి, వదిలేద్దాం. సమయం అయిపోతోందని చెయ్యి చూపిస్తున్నారు. క్యురేటర్ గారూ, రేపు ఈ ఊళ్లో ఆ సర్వే మీ చేతికిస్తే మొదటి పని?

క్యురేటర్: జాబితా రాయను. కారు మాట్లాడుకుంటాను. మొదటి ఊరు చెర్యాల. ఆ కూలీల పటం హాలు మధ్యలో, పైకప్పు నుంచి వేలాడుతుంది. చీటీ ఇప్పుడే రాసేస్తాను. మీ పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం చెప్పండి.

నకాషీ: రాయండి. కానీ గుడ్డకు పూతలు పూసింది మా ఆవిడ. ఆమె పూయకపోతే ఈపాటికి ఇది పగిలి రాలేది. ఆమె పేరు పడుతుందా?

క్యురేటర్: పడుతుంది. రెండు పేర్లు.

నకాషీ: పూల పట్టీలన్నీ మా కోడలు వేసింది.