నక్షత్రం చివరి రోజు

సభకు నమస్కారం.

నక్షత్రం ఎంతకాలం బతుకుతుందో, ఎలా ముగుస్తుందో ప్రధానంగా దాని పుట్టుకనాటి ద్రవ్యరాశే తేలుస్తుంది. ఇంధనం ఎక్కువున్న తార ఎక్కువ కాలం వెలగాలి కదా అనిపిస్తుంది గాని, జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. తన బరువుకు తాను కుంగిపోకుండా నిలబడాలంటే భారీ తార గర్భంలో వేడి మరింత పెరగాలి; ఆ వేడికి హైడ్రోజన్ విపరీతమైన వేగంతో ఖర్చయిపోతుంది. సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్లయితే, అంతకు 25 రెట్లు బరువున్న తారకు కోటి ఏళ్లు కూడా దక్కవు.

సూర్యుడిది నిదానమైన ముగింపు. ఇప్పుడు సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్న ఈ తార, మరో 500 కోట్ల ఏళ్లకు గర్భంలోని నిల్వ అయిపోయాక ఉబ్బి, ఎర్రబారి, బుధ శుక్ర గ్రహాలను మింగేస్తుందని అంచనా. ఆ తర్వాత పై పొరలు అంతరిక్షంలోకి జారిపోగా, ఇప్పటి ద్రవ్యరాశిలో సుమారు సగం, భూమి అంత గోళంగా బిగుసుకుని మిగులుతుంది. దాన్నే శ్వేత కుబ్జ తార అంటారు. అందులో ఇక ఏదీ మండదు. ఉన్న వేడి మెల్లగా ఆరిపోతుంటుంది, అంతే.

అన్ని తారలూ ఇలాగే ప్రశాంతంగా చల్లారతాయని చాలామంది నమ్మిన కాలంలో, 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళుతున్న 19 ఏళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒక లెక్క వేశారు. శ్వేత కుబ్జం బరువుకు ఒక హద్దు ఉందని, అది దాటితే, దాన్ని కుంగకుండా ఆపుతున్న ఎలక్ట్రాన్ల ఒత్తిడి ఇక నిలబెట్టలేదని ఆ లెక్క చెప్పింది. ఆ హద్దు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. 1935లో లండన్ సభలో ఆనాటి ప్రఖ్యాత ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ అంతటివాడు ఈ వాదాన్ని అపహాస్యం చేశాడు. పెద్దవాళ్ల మాటకున్న బరువు ఒక్కోసారి లెక్కను కూడా తొక్కిపెడుతుంది; చంద్రశేఖర్‌కు నోబెల్ వచ్చింది 1983లో.

ఆ హద్దు అసలు పని భారీ తారల గర్భంలో కనిపిస్తుంది. అక్కడ హైడ్రోజన్ తర్వాత హీలియం, ఆ తర్వాత కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ వరుసగా మండుతాయి; ఇక్కడ మండడమంటే పరమాణు కేంద్రకాలు కలిసి మరింత బరువైనవిగా మారుతూ శక్తినివ్వడం. ఒక్కో మెట్టూ దిగేకొద్దీ గడువు కుదించుకుపోతుంది: 25 సూర్యుల బరువున్న తారలో హీలియం లక్షల ఏళ్లు వస్తే, కార్బన్ కొన్ని వందల ఏళ్లు, ఆక్సిజన్ కొన్ని నెలలు, సిలికాన్ సుమారు ఒక్క రోజు. సిలికాన్ మండగా మిగిలేది ఇనుము. ఇనుమును కలిపితే శక్తి రాదు, పైగా ఖర్చవుతుంది. భూమి అంత ఇనుప గర్భం ఆ హద్దును చేరగానే, సెకనులోపే కొన్ని పదుల కిలోమీటర్లకు కూలిపోతుంది. ఆ కుప్పకూలడంలో విడుదలైన శక్తిలో దాదాపు 99 శాతం న్యూట్రినోలే, అంటే దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలే, పట్టుకుపోతాయి. మనం సూపర్నోవాగా, అంటే తార పేలుడుగా, చూసే వెలుగు మిగిలిన దానిలోనూ చిన్న భాగమే. లోపల మిగిలేది దాదాపు న్యూట్రాన్లతోనే కిక్కిరిసిన న్యూట్రాన్ తార, బరువు మరీ ఎక్కువైతే కృష్ణబిలం.

ఇదంతా కాగితం మీది లెక్కగానే ఉండిపోలేదు. 1987 ఫిబ్రవరి 23న, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలోని పెద్ద మాగెలానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో పేలిన తార నుంచి జపాన్, అమెరికా, సోవియట్ యూనియన్‌లలో భూగర్భంలో ఉన్న మూడు పరికరాలకు కలిపి రెండు డజన్ల న్యూట్రినోలు చిక్కాయి. పేలుడు వెలుగు ఆకాశంలో కనబడింది ఆ తర్వాత కొన్ని గంటలకు.